పదవీ విరమణ విందు: మందుకు ఎంత, మనుషులకు ఎంత

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకొని మొదలుపెడతాను. మీ నాన్నగారు సింగరేణిలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేస్తున్నారు. మీరు డాలస్ నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, హైదరాబాదులో ఆయన గౌరవార్థం ఒక సాయంత్రం విందు ఏర్పాటు చేయదలిచారు. అతిథులు సుమారు 120 మంది. మొత్తం ఆరు లక్షల బడ్జెట్‌లో రెండు లక్షలు మందుకే పక్కన పెట్టి, సీసా పది వేల రూపాయల స్థాయిలో ఉండే సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో తయారయ్యే విస్కీ) ఇరవై సీసాలు తెప్పించాలన్నది మీ ఆలోచన. ఏ బ్రాండ్ తెప్పిస్తే వచ్చినవాళ్ళు పదేళ్ళ పాటు చెప్పుకుంటారని అడిగారు. నాన్నగారికి ఒకప్పటి పై అధికారి, ఇప్పుడు తానూ రిటైరై హైదరాబాదులోనే స్థిరపడిన పెద్దమనిషి, మంచి విస్కీ రుచి తెలిసినవారనీ, ఆయన ముందు తలవంపులు కాకూడదనీ కూడా రాశారు.

హోటల్ బ్యాంక్వెట్లలోనూ ఫంక్షన్ హాళ్ళలోనూ విందులు నడపడమే నా ఉద్యోగం. పెళ్ళిళ్ళు, షష్టిపూర్తులు, పదవీ విరమణ సభలు, కంపెనీల వార్షికోత్సవాలు అన్నీ చేతుల మీదుగా నడిచాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఏ బ్రాండ్ గురించీ ఎవరూ పదేళ్ళు చెప్పుకోరు. మందుకు అరవై వేలు మించనివ్వకండి. మిగిలిన లక్షా నలభై వేలను మనుషులను రప్పించడానికి, వచ్చినవాళ్ళు ఒకరి పక్కన ఒకరు స్థిమితంగా కూర్చునేలా చూడడానికి ఖర్చు పెట్టండి. నేను మద్యానికి వ్యతిరేకిని కాను, ఈ సమాధానం మద్యం మానమని చెప్పడానికి రాస్తున్నదీ కాదు. మీ నాన్నగారి జీవితంలో ఒక్కసారే వచ్చే సాయంత్రానికి ఏది ఎక్కువ అక్కరకొస్తుందో, ఆ లెక్క మాత్రమే చెబుతున్నాను.

ముందు సీసాల లెక్కే చూద్దాం, ఎందుకంటే అక్కడే పొరపాటు కనిపిస్తోంది. 750 మిల్లీలీటర్ల సీసాలో 60 మిల్లీలీటర్ల పెగ్గులు పన్నెండున్నర వస్తాయి, అంటే ఇరవై సీసాలకు 250 పెగ్గులు. మీరు పిలుస్తున్న 120 మందిలో సగానికి సగం స్త్రీలు, పిల్లలు ఉంటారు. మిగిలిన పురుషుల్లో బొత్తిగా ముట్టనివారు, డాక్టరు మానమన్నవారు, కారు నడుపుకుంటూ వెనక్కి వెళ్ళాల్సినవారు, మాల వేసుకున్నవారు పోగా తాగేవారు నలభై అయిదు మంది తేలితే ఎక్కువ. అరవై ఏళ్ళ వయసువాళ్ళ సభలో తలకు మూడు పెగ్గులు దాటవు. ఎంత ధారాళంగా చూసినా 135 నుంచి 150 పెగ్గులు, అంటే పదకొండు పన్నెండు సీసాలు. మిగతావి సాయంత్రం చివర ఎవరి కారు డిక్కీలోకి వెళతాయో నేను చెప్పనక్కర్లేదు, ప్రతి విందులోనూ ఆ పని మీద శ్రద్ధ ఉన్న బంధువు ఒకరు ఉంటారు.

ఇక రుచి సంగతి. సింగిల్ మాల్ట్‌లో రుచి తెలిసినవాళ్ళు మెచ్చుకునేది ముఖ్యంగా దాని వాసనలోని సూక్ష్మమైన తేడాలను. గది ఉష్ణోగ్రత దగ్గర, కొద్ది నీటి చుక్కలతో, నోరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ తేడాలు తెలుస్తాయి. మన విందుల్లో గ్లాసు ఎలా నిండుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అడుగున 60 మిల్లీలీటర్లు, దాని మీద గ్లాసు సగం దాకా ఐసు, ఆపైన అంచుదాకా సోడాయో థమ్సప్పో. పక్క ప్లేటులో అపోలో ఫిష్, చిల్లీ చికెన్, ఉల్లిపాయా పచ్చిమిర్చీ నిమ్మరసం కలిపిన పల్లీలు. ఐసు చల్లదనం వాసనను అణచివేస్తుంది, సోడా పలుచన చేస్తుంది, మిరప ఘాటు నాలుకను మొద్దుబారుస్తుంది. రెండో పెగ్గు తర్వాత ఏ సీసాలోది పోశారో గుర్తుపట్టగలిగిన అతిథి అరుదు. బార్ వెనక నిలబడే కుర్రాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. కొన్ని చోట్ల ఖాళీ అయిన ఖరీదైన సీసాలోకి చవక సరుకు చేరడానికి వాళ్ళకు ధైర్యం ఇచ్చేదీ ఇదే.

ఇది నా ఒక్కడి అభిప్రాయమని మీరు అనుకోకుండా రెండు పరిశోధనల ప్రస్తావన తెస్తాను. 2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం, ధర చెప్పకుండా వైన్ రుచి చూపించిన ఆరు వేలకు పైగా పరీక్షల ఫలితాలను పరిశీలించింది. శిక్షణ లేని మామూలు మనుషులకు ఖరీదైన వైన్ ఎక్కువ నచ్చలేదు సరికదా, కాస్త తక్కువే నచ్చింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో మరికొందరు పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదని, ఇంకోసారి తొంభై డాలర్లదని చెప్పి తాగించారు. తొంభై డాలర్లదని విన్నప్పుడు రుచి బాగుందని చెప్పడమే కాక, సంతోషానికి సంబంధించిన మెదడు భాగం నిజంగానే ఎక్కువ చురుకైంది. ఈ రెండో ఫలితం చూసి మీరు, 'అయితే ఖరీదు వల్ల ఆనందం ఉన్నట్టే కదా' అనవచ్చు. ఉన్నది. కానీ ఆ ఆనందం దక్కాలంటే ధర అందరికీ తెలియాలి. అంటే సీసాలను కౌంటరు మీద వరసగా పేర్చి ప్రదర్శించాలి, మీ బావమరిది నాలుగు బల్లల దగ్గరకు వెళ్ళి 'ఇది ఎంతదో తెలుసా' అని చెప్పాలి. ఆ క్షణం నుంచి మీ నాన్నగారి విందు మీ సంపాదన గురించిన విందు అయిపోతుంది. ఆయనతో కలిసి గనిలోకి దిగిన మనిషి ఆ బల్ల దగ్గర ముడుచుకొని కూర్చుంటాడు.

మద్యం మనుషులను దగ్గర చేయదని నేను అనడం లేదు. అదీ పరీక్షించి చూశారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 720 మందిని, ఒకరికొకరు తెలియనివారిని, ముగ్గురేసి చొప్పున బల్లల చుట్టూ కూర్చోబెట్టారు. కొందరికి వోడ్కా కలిపిన పండ్లరసం, కొందరికి వోడ్కా అని చెప్పి వోడ్కా లేనిది, కొందరికి ఉత్త రసం ఇచ్చారు. వోడ్కా పడినవాళ్ళు ఎక్కువ నవ్వారు, ముగ్గురూ ఒకేసారి నవ్విన సందర్భాలు పెరిగాయి, మాటల వంతు ముగ్గురికీ సమంగా దక్కింది. ఇందులో గమనించవలసినవి రెండు. వాళ్ళకు పోసింది పండ్లరసంలో కలిపిన వోడ్కా, ఎవరూ దాని గొప్పతనం గురించి చెప్పలేదు. రెండోది, ఆ ముగ్గురూ అపరిచితులు. మీ నాన్నగారి అతిథులకు ముప్పై ఏళ్ళ పరిచయం ఉంది. అక్కడ మద్యం చేయవలసిన పని చాలా కొద్ది, దానికి మధ్యరకం సరుకు చాలు.

ఇప్పుడు అసలు ఖర్చు పెట్టవలసిన చోటికి వస్తాను. మీ అతిథుల జాబితా ఎలా తయారైందో మీరు రాయలేదు గానీ, సాధారణంగా ఇలాంటి జాబితాలు ఫోనులోని నంబర్ల నుంచి పుడతాయి. కాలనీవాళ్ళు, ఇటీవలి సహోద్యోగులు, మీ స్నేహితులు, పెళ్ళిళ్ళకు పిలిచారు కాబట్టి పిలవాల్సిన బంధువులు. ఆయన జీవితంలో ముఖ్యమైనవాళ్ళు చాలామంది అందులో ఉండరు. ఈ వారంలో ఒక సాయంత్రం మీరు ఫోను చేసి, 'నాన్నా, మొదటి పోస్టింగ్‌లో మీతో క్వార్టరు పంచుకున్నది ఎవరు, రాత్రి షిఫ్టులో మీతో కలిసి టీ తాగింది ఎవరు, అమ్మకు ఒంట్లో బాగోలేనప్పుడు బండి ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఎవరు' అని అడగండి. విందు మాట ఎత్తకుండా అడగండి. పదిహేను ఇరవై పేర్లు వస్తాయి. వాటిలో సగం మీరు ఎన్నడూ విని ఉండరు. ఆ పేర్లే మీ విందు.

వాళ్ళు ఎక్కడుంటారు? కొత్తగూడెంలో, ఇల్లందులో, మణుగూరులో, గోదావరిఖనిలో, మందమర్రిలో ఉంటారు. కొత్తగూడెం నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద 280 కిలోమీటర్ల పైమాటే. అరవై దాటినవాడు ఒక రాత్రి భోజనం కోసం అయిదారు గంటలు బస్సులో వచ్చి, రాత్రి పదకొండు గంటలకు పడక ఎక్కడో తెలియకుండా బయల్దేరడు. పిలుపు అందిందని మర్యాదగా చెప్పి, మోకాళ్ళ నొప్పులని ఊరుకుంటాడు. కాబట్టి మీరు ఒక మినీ బస్సు మాట్లాడి కొత్తగూడెంలో ఉదయం ఎక్కించండి, హాలుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మామూలు లాడ్జిలో పది గదులు తీసుకోండి, మరుసటి రోజు టిఫిన్ అయ్యాక అదే బస్సులో పంపించండి. ఈ మొత్తం లక్ష దాటదని నా అంచనా. గోదావరిఖని వైపు నుంచి ఇద్దరు ముగ్గురే ఉంటే రైలు టికెట్లు మీరే తీసి పంపండి. పిలుపు వాట్సాప్ కార్డుతో సరిపెట్టకుండా మీరు స్వయంగా ఫోను చేయాలి. 'మీ గురించి నాన్న చెప్పారు' అన్న ఒక్క మాటతో ఆ మనిషి రాక ఖాయమైపోతుంది. బస్సులో ఆ అయిదు గంటలూ వాళ్ళు పాత సంగతులు తవ్వుకుంటూ వస్తారు, హాలులోకి అడుగుపెట్టేసరికే సగం విందు నడిచిపోయి ఉంటుంది.

వచ్చినవాళ్ళను ఎలా కూర్చోబెడతారన్నది తర్వాతి విషయం, దీని మీద మన నిర్వాహకులు పెట్టే శ్రద్ధ చాలా తక్కువ. హాలువాళ్ళు సాధారణంగా పదిమందికి ఒక గుండ్రటి బల్ల వేస్తారు. చూడడానికి నిండుగా ఉంటుంది, సప్లయర్లకూ సులువు. అయితే అలాంటి బల్ల అడ్డకొలత ఆరడుగులకు అటూ ఇటూ ఉంటుంది. డీజే మోగుతుండగా ఎదుటి మనిషి మాట వినపడదు. మనుషులు సహజంగా కబుర్లలో పడినప్పుడు ఒక గుంపులో నలుగురికి మించి నిలవరని, అయిదో మనిషి చేరితే గుంపు రెండుగా చీలుతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం 1995లోనే రాసింది. నేను ఆ పరిశోధన గురించి చదవకముందే హాల్లో అది రోజూ చూస్తూ వచ్చాను. పదిమంది బల్ల దగ్గర ఎప్పుడూ ఒక నలుగురి గుంపు, ఒక ముగ్గురి గుంపు, ఇద్దరి జంట ఏర్పడతాయి, మిగిలిన ఒక్కరు ఫోను తీసి చూసుకుంటూ ఉంటారు. ఆ ఒక్కరు చాలాసార్లు ఎవరితోనూ పరిచయం లేక దూరం నుంచి వచ్చిన మనిషే.

అందువల్ల అయిదారుగురికి సరిపోయే చిన్న బల్లలు అడగండి. హాలువాళ్ళు అద్దె కాస్త ఎక్కువ చెబుతారు, ఇవ్వండి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ముందు రోజు మీరూ అమ్మగారూ కాగితం మీద రాసుకోండి. పేర్ల బోర్డులు పెట్టడం మనవాళ్ళకు నచ్చదు, అది కంపెనీ మీటింగులా ఉంటుంది. మీ తమ్ముడో చెల్లెలో ద్వారం దగ్గర నిలబడి, 'బాబాయ్, మీకోసం ఫలానాయన ఎదురుచూస్తున్నారు, రండి' అంటూ చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి కూర్చోబెడితే చాలు. ఒకే గనిలో పనిచేసిన నలుగురినీ ఒక చోట వేయండి. వాళ్ళ భార్యలను 'లేడీస్ అంతా అటు' అని విడదీయకండి. కార్మికుల క్వార్టర్లలో ఆ కుటుంబాలు గోడకు గోడ ఆనుకొని బతికాయి, ఆ కథల్లో సగం వాళ్ళ దగ్గరే ఉంటాయి.

బార్ కౌంటరు హాలు మూలన, కర్టెను వెనక పెట్టే అలవాటు ఒకటి ఉంది. పెద్దలకు కనపడకుండా ఉండాలన్న మర్యాద దీని వెనక ఉంది, నేను దాన్ని తప్పుపట్టను. ఫలితం మాత్రం ఏమిటంటే, మగవాళ్ళలో సగం మంది సాయంత్రమంతా ఆ మూలనే నిలబడిపోతారు, హాలు మధ్యలో ఆడవాళ్ళూ పిల్లలూ వేదిక వైపు చూస్తూ కూర్చుంటారు. ఒకే విందు రెండు విందులవుతుంది. దీనికి నేను చూసిన మంచి మార్గం, కౌంటరు ఎత్తేసి ట్రేలలో బల్లల దగ్గరకే పంపించడం. అదే ట్రేలో విస్కీ గ్లాసుల పక్కన నన్నారి షర్బత్తు, అల్లం కరివేపాకు వేసిన మజ్జిగ, గోలీ సోడా ఉండాలి. తాగనివాళ్ళకు ప్లాస్టిక్ కప్పులో కూల్‌డ్రింకు పోసి, తాగేవాళ్ళకు గాజు గ్లాసులు ఇవ్వడం అనే దరిద్రాన్ని దయచేసి మానుకోండి. అందరికీ ఒకే గ్లాసు. ఎవరి గ్లాసులో ఏముందో పక్కవాడికి పట్టనప్పుడే మనిషి హాయిగా కూర్చుంటాడు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, మీ ఆలోచనలో దాని ఛాయ కనిపించింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పై అధికారుల కోసం వేరే గది, వేరే సీసా ఏర్పాటు చేయడం. కొన్నేళ్ళ కిందట ఒక ఇంజినీరుగారి పదవీ విరమణ విందులో ఇదే జరిగింది. పై అంతస్తులో చిన్న గది, ఏసీ, విదేశీ విస్కీ, జీడిపప్పు, ఎనిమిది మంది పెద్దలు. కింద హాల్లో మామూలు బ్రాండు, పల్లీలు, మిగతా అందరూ. ఆ ఇంజినీరుగారు సాయంత్రమంతా మెట్లు ఎక్కడం, దిగడంతోనే గడిపారు. పైన కూర్చుంటే కింద ఎవరో వచ్చారని పిలుపు, కిందికి వస్తే పైవాళ్ళు అడుగుతున్నారని పిలుపు. ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసిన డ్రైవరు శాలువా కవరు చేతిలో పట్టుకొని మెట్ల పక్కన నిలబడే ఉన్నాడు, పైకి వెళ్ళడానికి మొహమాటం, కింద ఆయన నిలకడగా దొరకరు. తొమ్మిదిన్నరకు కింది హాలు ఖాళీ అయింది. ఆ శాలువా నా చేతికిచ్చి, అయ్యగారికి అందజేయమని చెప్పి వెళ్ళిపోయాడు. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ ఎనిమిది మందికి మంచి విస్కీ ఎప్పుడైనా ఎక్కడైనా దొరుకుతుంది. ఆ డ్రైవరుకు ఆ సాయంత్రం మళ్ళీ దొరకదు.

వేదిక గురించి కూడా ఇదే బాధ. పదవీ విరమణ చేసిన మనిషిని సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గంటల పాటు శాలువాలు, బొకేలు, మెమెంటోలు, ఫొటోలు. క్యూలో వచ్చిన ప్రతి మనిషికీ దక్కేది పదిహేను సెకన్లు, అందులో పది సెకన్లు ఫొటోగ్రాఫరువి. వేదిక కార్యక్రమం నలభై నిమిషాలకు కుదించండి. మైకు ముగ్గురికే ఇవ్వండి, వాళ్ళలో ఒక్కరైనా నాన్నగారి కింద పనిచేసినవారై ఉండాలి. ఆ తర్వాత ఆయన కిందికి దిగి, ఒక్కో బల్ల దగ్గరా పది నిమిషాలు కుర్చీ లాక్కొని కూర్చోవాలి. పాతకాలపు బంతి భోజనంలో ఇంటి యజమాని నేతి గిన్నె పట్టుకొని వరస పొడుగునా తిరిగి, 'ఇంకొంచెం వేయించుకోండి' అంటూ ఒక్కొక్కరినీ పలకరించేవాడు. ఎవరు రాలేదో, ఎవరు చిక్కిపోయారో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో ఆ ఒక్క చుట్టులో తెలిసిపోయేది. బఫే వచ్చాక వడ్డనతో పాటు ఆ పలకరింపూ పోయింది. మీరు పూర్తిగా బంతులు వేయలేకపోయినా, కనీసం పెరుగన్నం, స్వీటు బల్లల దగ్గరకే పంపించి, వాటితో పాటు నాన్నగారు తిరిగేలా చూడండి.

భోజనం వేళ విషయంలో మాత్రం మొండిగా ఉండండి. మందు ప్రధానమైన విందుల్లో భోజనం పదిన్నరకో పదకొండుకో మొదలవుతుంది. మీ అతిథుల్లో చాలామంది షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు. ఎనిమిదిన్నరకు తినవలసిన మనిషి పదకొండు దాకా ఖాళీ కడుపుతో, మధ్యలో రెండు పెగ్గులతో కూర్చోవడం ప్రమాదకరం. మధుమేహం మందులు, ఖాళీ కడుపు, మద్యం మూడూ కలిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎనిమిదింటికల్లా భోజనం సిద్ధంగా ఉండాలి, తినదలచినవారు తినాలి. మద్యం ఎంత కొద్దిగా తీసుకున్నా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది కూడా. ఆ వయసు అతిథుల ముందు గ్లాసు పెట్టేవాళ్ళు అది గుర్తుంచుకుంటే మంచిది, 'ఇంకొక్కటి, మీ నాన్న కోసం' అని బలవంతపెట్టే మేనమామను మీరే సున్నితంగా ఆపాలి.

చట్టపరమైన సంగతులు క్లుప్తంగా. ఫంక్షన్ హాల్లో మద్యం పోయాలంటే ఆ రోజుకు ఎక్సైజ్ శాఖ అనుమతి తీసుకోవాలి, హాలు మేనేజరును అడిగితే విధానం చెబుతాడు, కాగితం మీ దగ్గర ఉంచుకోండి. మీరు తెచ్చిన సీసాలు ఏ రాష్ట్రంలో కొన్నవన్నది కూడా తనిఖీలో అడుగుతారు. తెలంగాణలో 21 ఏళ్ళ లోపు వారికి మద్యం ఇవ్వకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం, మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నలుగురు డ్రైవర్లను ఆ రాత్రికి మాట్లాడి ఉంచండి. ఇదీ సీసాల డబ్బులోంచే.

మందు తగ్గితే విందు చప్పబడుతుందన్న భయం మీకుంటే, దానికి చరిత్రలోంచి ఒక జవాబు ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించే దాకా బహిరంగంగా ఏ విందులోనూ మద్యం లేదు. చాటుగా తాగినవాళ్ళు తాగారు, పక్క రాష్ట్రాల నుంచి తెప్పించుకున్నవాళ్ళు తెప్పించుకున్నారు, అది వేరే కథ. అయితే ఆ సంవత్సరాల్లో పెళ్ళయినవాళ్ళను మీ వీధిలో అడిగి చూడండి. తమ పెళ్ళి విందు వెలితిగా జరిగిందని ఒక్కరూ చెప్పరు. వంట ఎవరు చేశారో, ఏ బావ ఎవరిని ఆటపట్టించాడో, ఏ పెదనాన్న ఎందుకు అలిగాడో చెబుతారు.

సాయంత్రం చివరి గంట గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అనుభవం లేనివాళ్ళు దాన్ని పూర్తిగా వదిలేస్తారు. రాత్రి పది తర్వాత మైకులు, డీజేలు నిబంధనల ప్రకారం ఆపాల్సిందే. చాలామంది దాన్ని విందు ముగింపుగా భావించి కుర్చీలు సర్దించేస్తారు. నిజానికి అప్పుడే మాటలు వినపడడం మొదలవుతుంది. హాలు అద్దె మాట్లాడుకునేటప్పుడే పదకొండున్నర దాకా అని రాయించుకోండి, శుభ్రం చేసే సిబ్బందికి ఓవర్‌టైం ముందే ఇవ్వండి. పది గంటలకు ఫిల్టర్ కాఫీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు హాలు మధ్యకు రప్పించండి, గుమ్మం దగ్గర పెట్టకండి. గుమ్మం దగ్గర పెడితే మనిషి కప్పు ఖాళీ చేసి చెప్పులు వేసుకుంటాడు. మధ్యలో పెడితే కప్పు పట్టుకొని ఖాళీ కుర్చీ వెతుక్కుంటాడు. కొత్తగూడెం బస్సులో వచ్చినవాళ్ళకు పక్కనే గది ఉంది కాబట్టి తొందర ఉండదు. వాళ్ళ మాటలను మీరు పక్కన కూర్చొని వినండి, అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. మీ నాన్నగారు మీతో ఎన్నడూ చెప్పని ఉద్యోగ జీవితం ఆ గంటలో బయటికి వస్తుంది.

ఇక మీ చివరి సందేహం, విస్కీ రుచి తెలిసిన ఆ పెద్దమనిషి సంగతి. ఆయన కోసం మంచి సింగిల్ మాల్ట్ ఒక్క సీసా కొనండి. విందుకు రెండు రోజుల ముందు మీరూ నాన్నగారూ కలిసి ఆయన ఇంటికి వెళ్ళి, సీసా చేతికిచ్చి, విందులో మూడు ప్రసంగాల్లో ఒకటి మీరే చేయాలని అడగండి. విందు రోజున ఆయనను కొత్తగూడెం నుంచి వచ్చినవాళ్ళ బల్ల దగ్గరే కూర్చోబెట్టండి. ఆయన కూడా ఒకప్పుడు అక్కడ పనిచేసినవారే అని రాశారు కదా, ఆయనకూ వాళ్ళను కలిసి చాలా ఏళ్ళై ఉంటుంది. మిగతా సభకు మధ్యరకం విస్కీ పదకొండు సీసాలు, కొన్ని కాటన్ల బీరు సరిపోతాయి. హాలువాళ్ళు బయటి నుంచి తెచ్చిన సీసాలకు విడిగా ఛార్జీ వేస్తారేమో, అడ్వాన్సు ఇచ్చే ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.